కనబడని ప్యాంటు

తిరుప్పూరు నుంచి తెచ్చుకున్న బనియన్ వేస్టు గుడ్డతో కలామణి కంప్యూటరు తెర తుడుస్తూ ఉంది. ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా. మూలల దగ్గరికి వచ్చేసరికి గుడ్డను చూపుడువేలికి చుట్టి, పసిపిల్ల చెవి తుడిచినంత మెల్లగా. తెర మీద దుమ్ము రేణువు ఒకటి మిగిలినా దాన్ని గీత అనుకుని పూటంతా దాని వెంట పడాల్సి వస్తుందని ఆమె భయం. ఒకసారి అలా పడింది కూడా. ఆఫీసంతా నవ్వితే తనూ కలిసి నవ్వింది. తుడవడం మాత్రం అప్పటినుంచి మానలేదు.

పొట్టి మనిషి. కుర్చీలో దిండు వేసుకుంటే గానీ చేతులు బల్లకు అందవు. నూనె రాసి బిగించి అల్లిన సన్నటి జడ, అందులో కనకాంబరాలు, ముక్కు మీంచి జారే కళ్లద్దాలు. కుడి బొటనవేలి కణుపు మీద ఒక కాయ. అది ఈ ఉద్యోగం ఇచ్చింది కాదు. పదో తరగతి కాగానే తిరుప్పూరు బనియన్ కంపెనీలో కటింగ్ సెక్షన్‌లో చేరినప్పుడు పెద్ద కత్తెర పెట్టిన కాయ. అట్ట నమూనాలు గుడ్డ మీద పరిచి, చుట్టూ పెన్సిలుతో గీసి కత్తిరించేది. సాయంత్రాలు డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివింది. పెళ్లి మాటలు వచ్చాయి, పోయాయి. చెల్లెలు శివభాగ్యం భర్త పోయాక ఇద్దరూ కోయంబత్తూరు వచ్చి సింగానల్లూరులో ఇల్లు తీసుకున్నారు. చెల్లెలు గ్రైండర్లు పెట్టి దోసెల పిండి అమ్ముతుంది. అక్క పీళమేడులో ఈ ఆఫీసుకు వస్తుంది.

ఈ పొద్దు మెట్ల మలుపులో కాసేపు ఆగిపోయింది. ఎడమ భుజం లాగుతోంది. పోయిన వారం ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరు ఇంకా కొన్ని పరీక్షలు రాసిచ్చి, అవయ్యేదాకా ఇంట్లో ఉండమన్నాడు. ఆఫీసులో అడిగినవాళ్లకు గ్యాసని చెప్పింది. చెల్లెలికీ అదే చెప్పింది.

ఆసుపత్రులకు, హోటళ్లకు, మిల్లులకు చల్లగాలి వెళ్లే రేకు గొట్టాలను కంప్యూటరులో గీసి ఇచ్చే ఆఫీసు అది. గీసేవాళ్లు వేరే ఉన్నారు. గీసింది తెర మీద కనబడకుండా పోయినప్పుడు, ఎందుకు పోయిందో చూసి దాన్ని మళ్లీ కనబడేట్టు చేయడం కలామణి పని. ఆ పనికి పేరు లేదు. జీతం చీటీలో ఇప్పటికీ డ్రాఫ్ట్స్‌మన్ అనే ఉంటుంది.

ఎక్కువగా మాయమయ్యేవి ఫిట్టింగులు. తిన్నగా పోయే గొట్టానికి ఏ బాధా ఉండదు. అది వంగే చోట, సన్నబడే చోట, రెండుగా చీలే చోట వేసే ముక్క ఉంటుందే, దానితోనే తంటా. రేకు పనివాళ్లు ఆ ముక్కలకు ఎప్పుడో బట్టల పేర్లు పెట్టేశారు. గొట్టం మొదట అమర్చేది కాలరు, పక్కకు తీసే కొమ్మ మొదట్లో ఉండేది బూటు, ఒక నడుము రెండు కాళ్లుగా చీలేది ప్యాంటు. కటింగ్ సెక్షన్ నుంచి వచ్చిన కలామణికి ఈ పేర్లు సొంత ఊరి మాటల్లా వినబడ్డాయి. తను కూడా కొన్ని కలిపింది. సాఫ్ట్‌వేరులో ఫిట్టింగును ఒంటి గీతగా చూడవచ్చు, రెండు గీతలుగా చూడవచ్చు, నిండు ఆకారంగా చూడవచ్చు. వాటిని ఆమె నూలు, గుడ్డ, చొక్కా అంటుంది. ఇప్పుడు ఆఫీసులో అందరూ అలాగే అంటారు. కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజు బిత్తరపోతారు. "సార్ కాలరు కనబడటం లేదు, అక్కా కాస్త చూడండి" అని ఒకరు, "నూలులో ఉంది, చొక్కాలో లేదు" అని ఇంకొకరు అరుచుకుంటుంటే ఎవరు మాత్రం బిత్తరపోరు?

తుడిచిన గుడ్డ మడిచి పెట్టేలోపే ఫోను మోగింది.

"అమ్మిణీ, నేనండి, సెన్నిమలైని. గోబిచెట్టిపాళయం నుంచి."

గోబిలో కడుతున్న ప్రసూతి ఆసుపత్రికి మేస్త్రీ ఆయన. కూతురి వయసు వాళ్లనైనా, చెల్లెలి వయసు వాళ్లనైనా అమ్మిణీ అనే పిలుస్తాడు.

"చెప్పండి అన్నా. టిఫిను అయిందా?"

"టిఫిను సంగతి తర్వాతండి. మీ ప్యాంటు ఎక్కడుందో చెప్పండి ముందు."

"కాగితంలో ఉండాలే!"

"ఉందండి. ప్యాంటు ఒకచోట ఉంది, నడుము ఇంకోచోట ఉంది. మధ్యలో జానెడు ఖాళీ. ఇలాంటి ప్యాంటు మీ ఊళ్లో ఎవరైనా తొడుక్కుంటారేమో గానీ మా గోబిలో తొడుక్కోరండి."

వెనకాల ఎవరో నవ్వారు. సెన్నిమలై గొంతు మాత్రం నవ్వలేదు.

"చూడండి అమ్మిణీ. రేపు పొద్దున్నే పైకప్పు స్లాబు పోస్తున్నాం. గొట్టం దిగాల్సిన చోట చెక్కపెట్టె కొట్టిస్తే, చుట్టూ కాంక్రీటు పడి మధ్యలో దారి మిగులుతుంది. ఎక్కడ కొట్టించను? ఎంత వెడల్పు కొట్టించను? సాయంత్రం లోపల చెప్పకపోతే పూడ్చేస్తానండి. తర్వాత మిషను పెట్టి మీరే కోసుకోండి. లోపలి ఇనుప కమ్ములు తెగితే నన్ను అడగకండి. పైన నీళ్ల ట్యాంకు వస్తోంది, తెలుసు కదా?"

ఎంత కోపం వచ్చినా ఆయన నోట అండి పోదు. ఆ వైపు మనుషులు తిట్టినా మర్యాదగానే తిడతారు.

"సాయంత్రం లోపల చెప్తాను అన్నా. పూడ్చకండి" అంది కలామణి.

ఆ స్లాబు కింద ఒకపక్క తల్లుల వార్డు, ఇంకోపక్క పుట్టిన పిల్లలను పెట్టే గది. మిద్దె మీది మిషను నుంచి గాలి గొట్టం నిలువుగా దిగి, స్లాబు కింద ప్యాంటుగా చీలి, చెరొక కాలు చెరొక గదికి వెళ్తుంది. కలామణి ఆ బొమ్మ తెరిచింది. ప్యాంటు చక్కగా కనబడుతోంది. దాని మీద క్లిక్ చేసింది. ప్యాంటంతా వెలగాలి. ఒక్క గీత వెలిగింది.

ఆమెకు అర్థమైంది. అది ప్యాంటు కాదు. ఉత్త గీతలు. ఫిట్టింగు కనబడనప్పుడు దాని ఆకారంలో గీతలు గీసి కాగితం నింపేయడాన్ని ఆ ఆఫీసులో అతుకు అంటారు. గొట్టాన్ని జరిపితే దానికి తగిలించిన ఫిట్టింగు వెంట జరుగుతుంది. అతుకు జరగదు. దూలం అడ్డం వచ్చిందని మొన్న గొట్టాన్ని జానెడు పక్కకు జరిపారు.

"తిలకా, ఒకసారి రా కన్నూ."

తిలకవతి పొల్లాచ్చి పిల్ల. ఇంజనీరింగు చదివి చేరి ఏడాది దాటింది. పని గట్టిగా చేస్తుంది. తెర చూడగానే మొహం వాడిపోయింది.

"అక్కా, అది నేనే. మీరు ఆసుపత్రికని లీవులో ఉన్నారు. ప్యాంటు ఉన్నట్టుండి మాయమైంది. కాగితం ఆ సాయంత్రమే పోవాలి. మీరు వచ్చాక చెప్దామనుకుని…"

"మర్చిపోయావు."

"మర్చిపోయాను."

కలామణి కళ్లద్దాలు పైకి తోసుకుని ఆ గీతలను ఇంకోసారి చూసింది. "వంపు ఎంత బాగా తీశావే! నేను కూడా నిజం ప్యాంటే అనుకున్నాను. టైలరు కొట్టు పెట్టుకోవాల్సిన పిల్లవి."

తిలకవతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "తిట్టండి అక్కా, పర్వాలేదు."

"తిట్టడానికి ఇప్పుడు టైము ఎక్కడుంది? కుర్చీ లాక్కో. ముందు ఈ అతుకు విప్పుదాం."

అతుకు చెరిపేశాక అక్కడ తెల్లటి ఖాళీ మిగిలింది. కలామణి వెతకడం మొదలుపెట్టింది. నూలుకు మార్చింది, గుడ్డకు మార్చింది, చొక్కాకు మార్చింది. లేదు. ఎవరైనా దాచి ఉంచారేమోనని దాచినవన్నీ బయటికి తీసింది. పాత దీపాలు, ఒక తలుపు వచ్చాయి. ప్యాంటు రాలేదు. ఫిట్టింగే పాడైందేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. వేరే కంపెనీ జాబితా నుంచి తెచ్చిన ముక్కలు ఒక్కోసారి ఇలా మొండికేస్తాయి. ఫైలులో పేరు పట్టుకుని దాన్ని తీసేసి కొత్త ప్యాంటు పెట్టింది. పెట్టిన క్షణం కనబడి, అదీ మాయమైంది. ఇంకోటి పెట్టింది. అదీ అంతే. అనుమానం తప్పని తేలేసరికి ఉదయమంతా అయిపోయింది. ఎడమ భుజాన్ని కుడిచేత్తో నొక్కుకుంటూ ఆమె తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. విసుగు లేదు. మొండి బిడ్డకు అన్నం తినిపించే తల్లికి ఉండే ఓపిక ఏదో ఆ మొహంలో ఉంది. అది చూసే తిలకవతి కూడా లేచి వెళ్లలేకపోయింది.

మేనేజరు నాచిముత్తు వచ్చి వాళ్ల వెనక నిలబడ్డాడు. గోబి ఫోను ఆయనకూ వచ్చింది.

"అక్కా, వ్యూ కిటికీ పెద్దది చేసి చూశారా?"

ప్రతి అంతస్తు బొమ్మకూ ఒక కిటికీ ఉంటుంది. ఎక్కడినుంచి ఎంత పైదాకా చూడాలో అందులో రాసి పెడతారు. ఆ కొలత దాటి ఉన్నది ఏదీ కాగితం మీదికి రాదు. కలామణి దాన్ని పైకి జరిపింది. ప్యాంటు టక్కున వచ్చి నిలబడింది. నడుము, రెండు కాళ్లు, గొట్టానికి సరిగ్గా అతుక్కుని.

తిలకవతి చప్పట్లు కొట్టింది. "సార్, మీ ప్యాంటు దొరికింది!"

హాలంతా గొల్లుమంది. నాచిముత్తు కూడా నవ్వుతూ అరచేత్తో నడుం తడుముకున్నాడు. "బతికించారు. అన్నం తినేసి పంపించేయండి అక్కా."

అందరూ డబ్బాలు తెరిచారు. బియ్యం, పప్పు కలిపి వండి శివభాగ్యం కట్టిన అన్నం, ఉలవల పచ్చడి. కలామణి రెండు ముద్దలు తిని డబ్బా మూత పెట్టేసింది.

"ఏమక్కా, బాగా లేదా?"

"బాగానే ఉంది. తిలకా, ఒకటి చెప్పు. ఆ అంతస్తులో ప్యాంట్లు ఇంకా ఉన్నాయి కదా. అవన్నీ పాత కిటికీలోనే కనబడ్డాయి. ఇదొక్కటే ఎందుకు బయట పడింది?"

"ఏమో అక్కా. ఇప్పుడు కనబడుతోంది కదా."

"కనబడుతోంది. అయినా ఎక్కడుందో తెలియాలి కదా."

చేయి కడుక్కుని వచ్చి ఆమె భవనాన్ని ఆ చోట నిలువుగా కోసింది. బొప్పాయిని కోసి చూసినట్టు, పక్కనుంచి చూసే బొమ్మ అది. తెర మీద స్లాబు బూడిదరంగు పట్టీలా వచ్చింది. ప్యాంటు ఆ పట్టీ లోపల ఉంది. కాంక్రీటు పోయాల్సిన చోట.

తిలకవతి కుర్చీలోంచి లేచిపోయింది. "అక్కా! ట్యాంకు! నీళ్ల ట్యాంకు బరువుకని అక్కడ స్లాబు మందం పెంచారు. ఆ బొమ్మ మొన్న వారమే వచ్చింది. మందం కిందికి పెరిగింది."

ఆ మాటతో చిక్కు విడిపోయింది. స్లాబు అడుగు దాకా చూడమని కిటికీకి చెప్పి ఉంది. స్లాబు కిందికి దిగింది. కిటికీ కూడా దాంతోపాటు దిగింది. ప్యాంటు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. కింది అంతస్తు బొమ్మ స్లాబు అడుగు దాకానే చూస్తుంది, మిద్దె బొమ్మ స్లాబు పైనుంచి చూస్తుంది. నడుమ ఉన్న మందం ఏ బొమ్మకూ కనబడదు.

"పొద్దున్నుంచి అది చెప్తూనే ఉంది, నేను ఇక్కడ లేనని" అంది కలామణి. "మనమే బలవంతంగా చూశాం."

నాచిముత్తును పిలిచి చూపించారు. ఆయన మొహంలో నవ్వు పోయింది. ఆ కాగితమే పంపి ఉంటే సెన్నిమలై రెండు కాళ్లూ పట్టేంత వెడల్పు పెట్టె కొట్టించేవాడు, అదీ సరిగ్గా ట్యాంకు కింద, కమ్ములన్నీ తప్పించి.

"దించాలి" అన్నాడు. "ప్యాంటును స్లాబు కిందికి దించితే, స్లాబులోంచి ఒక్క నడుమే వెళ్తుంది. కానీ దించితే కింద ఫాల్స్ సీలింగు కూడా దిగుతుంది. ఆసుపత్రి ఇంజనీరు ఒప్పుకోవాలి. ఇంత ఆఖర్లో ఎందుకని అడుగుతాడు. పోయిన కాగితం తప్పని చెప్పాలి." ఆగాడు. "ఈ తడవ తప్పు అంటే ముందుముందు పని మనకు ఇవ్వరేమో అక్కా."

పక్క బల్ల దగ్గర ప్రింటరు ఏదో కక్కుతోంది.

"తప్పు అనకండి సార్" అంది కలామణి. "ప్యాంటు జారిందని చెప్పండి."

నాచిముత్తు ఆమె వైపు చూశాడు. నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాడు. ఫోను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. అవతలి మనిషితో ఆయన ప్యాంటు జారిందనలేదు. "మాదే పొరపాటండి. స్లాబు మారిన సంగతి మేం చూసుకోలేదు" అనే అన్నాడు. చాలాసేపు విన్నాడు. చివరికి ఇటు తిరిగి, నాలుగు వేళ్లు చూపించి చేయి కిందికి దించాడు. నాలుగంగుళాలు దించుకోవచ్చు.

కలామణి దించింది. కాళ్లు రెండూ వెళ్లి దీపాలకు తగిలాయి. తిలకవతి దీపాలను పక్కకు జరిపింది. ఒక కాలు నీటి పైపును రాసుకుంది. కలామణి ఆ కాలి వంపు కొంచెం మార్చింది. ఇద్దరూ ఒకే తెర మీదికి వంగి, ఒకరి తర్వాత ఒకరు మౌసు తీసుకుంటూ, బట్ట కొలతలు చూసే ఇద్దరు ఆడవాళ్లలా ఉన్నారు. అంతా కుదిరాక కలామణి ఒక పని చేసింది. అన్నానికి ముందు పెద్దది చేసిన కిటికీని మళ్లీ పాత కొలతకు తెచ్చింది.

"అయ్యో, ఎందుకక్కా? మళ్లీ పోతుందేమో!"

"పోతే ఇంకా సరైన చోటికి రాలేదని."

బొమ్మ ఒక్క క్షణం తెల్లబడి మళ్లీ నిండింది. గోడలు వచ్చాయి. దూలాలు వచ్చాయి. గొట్టం వచ్చింది. దాని చివర, ఎవరూ గీయకుండా, ఎవరూ పిలవకుండా, ప్యాంటు తనంతట తనే వచ్చి నిలబడింది. కలామణి తెరకేసి కాసేపు అలాగే చూసింది. అన్నేళ్ల ఉద్యోగంలో ఆమె ఎవరి మెప్పు కోసమూ ఎదురుచూసినట్టు ఎవరికీ గుర్తులేదు. ఇలాంటి క్షణం ఒకటి దొరికితే ఆమెకు చాలునని తిలకవతికి ఆ పొద్దు అనిపించింది.

కాగితం పంపి, సెన్నిమలైకి ఆమే ఫోను చేసింది.

"అన్నా, నడుముకు మాత్రమే పెట్టె కొట్టండి. కొత్త కాగితంలో కొలత ఉంది. కాళ్లు రెండూ స్లాబు కింద వేలాడతాయి."

"అట్లా చెప్పండి. ఇప్పుడు మనిషి తొడుక్కునేట్టుంది." కాగితం మడతలు విప్పుతున్న చప్పుడు. "అమ్మిణీ, ఇది ఆఖరిదేనా? రేపు పొద్దున మళ్లీ ఎవరైనా వచ్చి జరపండంటే?"

"జరపొద్దు. ఎవరైనా జరపమంటే నన్ను అడగమనండి."

"మీ మాట మీదే ఉంటానండి."

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. సింగానల్లూరులో దిగి, కొత్తిమీర కట్ట కొనుక్కుని, మామూలు కంటే నెమ్మదిగా ఇంటికి నడిచింది. లోపల గ్రైండరు తిరుగుతోంది. పిండికి వచ్చిన వాళ్లు గిన్నెలతో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్లను పలకరించి కలామణి అరుగు మీద కూర్చుంది.

"ఈ పూట ఏం దొరికింది అక్కా?" లోపలినుంచి శివభాగ్యం అడిగింది. రోజూ అడిగే మాటే.

"ప్యాంటు."

"ఎవరిదో?"

"పసిపిల్లలది" అని నవ్వింది కలామణి. "కాసిని మంచినీళ్లు తే."

శివభాగ్యం గ్రైండరు ఆపి, చేతి పిండి కడుక్కుని, చెంబుతో నీళ్లు తెచ్చింది. కలామణి గోడకు ఆనుకుని ఉంది. కొత్తిమీర కట్ట ఒళ్లోనే ఉంది. ఒక చెప్పు విప్పింది, రెండోది కాలికే ఉంది. చెల్లెలు పిలిచింది. ముందు మామూలుగా, తర్వాత భుజం పట్టుకుని. గిన్నెలతో నిలబడ్డ వాళ్లు గిన్నెలు కింద పెట్టారు.

పొద్దున్నే నాచిముత్తు, తిలకవతి, ఆఫీసు వాళ్లందరూ సింగానల్లూరులో ఉన్నారు. గోబికి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు.

అక్కడ కాంక్రీటు బండ్లు వరసగా వచ్చాయి. మిద్దె మీద కమ్ముల జాలీ పరిచి ఉంది. జాలీ మధ్యలో, కొత్త కాగితం చెప్పిన చోట, కొత్త చెక్కతో కొట్టిన చిన్న పెట్టె నిలబడి ఉంది. సెన్నిమలై టేపుతో నాలుగు వైపులా కొలిచి చూసుకుని, పనివాళ్లను కేకేశాడు. బూడిదరంగు ముద్ద పంపు గొట్టంలోంచి ధారగా దిగి, కమ్ములను కప్పుకుంటూ, చెక్కను చుట్టుకుని, పెట్టె అంచుకు కాస్త కిందుగా వచ్చి ఆగింది. పెట్టె మూత మీద సెన్నిమలై చేతిరాత సుద్ద అక్షరాల్లో తడవకుండా మిగిలింది: దీన్ని కదపాలంటే కలామణి అమ్మిణిని అడగండి.